పన్నెండున్నర వేళ ఆకాశం

అంటార్కిటికా
12 మార్చి 2025

మామకు,

కరుణ నమస్కారాలు. చివరి ఓడ వెళ్ళిపోయి ఆరు రోజులైంది. అది మంచు అంచు దాటేదాకా అందరం బయటే నిలబడి చూశాం. తర్వాత ఎవరి పనికి వాళ్ళు పోయారు. ఇక నవంబరు దాకా ఇక్కడికి ఎవరూ రారు, ఇక్కడి నుంచి ఎవరూ పోరు. ఇరవై నాలుగు మందిమి మిగిలాం, అందులో ఆడవాళ్ళం ఇద్దరం.

ఫోన్ ఉంది కానీ అందులో నీతో మాట్లాడటం నా వల్ల కావడం లేదు. నా మాట నీకు చేరేసరికి నువ్వు ఇంకోటి మొదలుపెడతావు. పైగా నీకు సరిగ్గా వినబడక "ఆఁ? ఆఁ?" అంటుంటే ఇక్కడ వరుసలో నిలబడ్డవాళ్ళు నవ్వుతున్నారు. అందుకే మెయిల్‌లో ఉత్తరాలు రాసుకుందాం. నువ్వూ రాయాలి.

నేనేం చేస్తానని అడిగావు. ఇక్కడ ఒక యంత్రం ఉంది, అయనోసోండ్ అంటారు. పదిహేను నిమిషాలకోసారి ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపుతుంది. చిన్న ఫ్రీక్వెన్సీతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతుంది. నూరు నుంచి మూడు నూర్ల కిలోమీటర్ల ఎత్తున ఉండే అయనోస్ఫియర్ పొరలు వాటిని తిప్పి కిందికి పంపుతాయి. ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూస్తే పొర ఎంత ఎత్తున ఉందో తెలుస్తుంది. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర తిరిగిరావడం ఆగిందో చూస్తే, ఆ పూట షార్ట్‌వేవ్‌లో దేని మీద మాట్లాడితే మాట దూరం పోతుందో తెలుస్తుంది. మంచు మీద దూరం పోయే మనవాళ్ళకు ఆ అంకె నేనే చెప్పాలి.

ఇదంతా నీకు తెలిసిందే. నాకు ఆరేళ్ళప్పుడు స్టీలు పళ్ళెం మీద చెంచాతో కొట్టి మోర్స్ నేర్పింది నువ్వే కదా. మరి నువ్వెందుకు రేడియో మానేశావు మామా? అమ్మనడిగితే మాట మారుస్తుంది. నాయిన దగ్గర నీ పేరే ఎత్తకూడదు. యాలాల్ ఊళ్ళో పొలం గట్టు దగ్గరేదో తగాదా జరిగిందని నేననుకుంటూ పెరిగాను.

అమ్మ చేత నువ్వు పంపిన గొంగడి మీద ఇక్కడ అందరి కన్నూ ఉంది.

కరుణ

❖

తాండూరు
23 మార్చి 2025

చి. కరుణకు మామ దీవెనలు.

నీ ఉత్తరం ముక్క పోకుండా అందింది. జవాబుకు రెండు పూటలు పట్టింది, ఒక్క వేలితో కొడుతున్నాను. తప్పులుంటే సర్దుకో.

ఇక్కడ ఎండలు ముదిరాయి. కంది కట్టె పొలం నుంచి ఎత్తేశాం. ఈసారి పప్పు బాగుంది. ఒక సంచి మీ అమ్మకు స్టేషన్‌లో అందించాను. వికారాబాద్ ప్లాట్‌ఫారం మీద రైలు ఆగే రెండు నిమిషాల్లోనే అక్కాతమ్ముళ్ళ ముచ్చట అయిపోవాలి కదా! "కరుణ తింటుందా, పస్తులుంటుందా?" అని ఆమె, "నన్నెందుకు అడుగుతవు, నీ బిడ్డనే అడుగు" అని నేను. రైలు కదిలింది.

షార్ట్‌వేవ్ ముచ్చట చదివి నవ్వుకున్నాను. మేము యంత్రాలు లేకుండానే చెప్పేవాళ్ళం. పగలు పెద్ద ఫ్రీక్వెన్సీ, పొద్దు గుంకితే చిన్నది. వానాకాలం ఒక తీరు, చలికాలం ఒక తీరు. సెట్టు ఆన్ చేసి ఆ గుర్రుమనే చప్పుడు నాలుగు క్షణాలు వింటే చాలు, ఆ పూట ఆకాశం మనతో ఉందో లేదో తెలిసేది.

రేడియో ఎందుకు మానేశానంటే, వయసైంది. పొలం గట్టు సంగతి మాత్రం కాదు. అది వదిలెయ్.

జర పైలం. మంచులో ఒంటరిగా తిరగకు.

మీ మామ,
దశరథ్

❖

అంటార్కిటికా
9 మే 2025

మామకు,

ఇన్ని రోజులు రాయనందుకు కోపం చేయకు. గత వారం ఇక్కడ జరిగింది చెప్తాను. అమ్మకు మాత్రం చెప్పకు.

ఐదుగురు రెండు బండ్లలో తీరం దగ్గరి గుడిసెకు పోయారు, డీజిల్ పీపాలు తేవడానికి. తొంభై కిలోమీటర్లు. వాళ్ళ పెద్ద ప్రవీణ్ అని, మా డాక్టర్. దగ్గరి దూరాల సెట్టు మంచుగుట్ట దాటి అందదు. వాళ్ళ శాటిలైట్ ఫోన్ బ్యాటరీ చలికి రెండో రోజే చచ్చిపోయింది. ఇక షార్ట్‌వేవ్ ఒక్కటే దిక్కు. రోజూ సాయంత్రం ఆరింటికి మాట్లాడాలని ఒప్పందం.

మూడో రోజు ఆరింటికి ఏమీ లేదు. ఆరున్నరకు లేదు, ఏడింటికి లేదు. తిరిగొచ్చిన తరంగాలను నా యంత్రం గీతలుగా గీసే కాగితం చూస్తే తెల్లగా ఉంది. ఒక్క గీత లేదు, ఏ ఫ్రీక్వెన్సీ మీదా ఏదీ తిరిగి రాలేదు. నా యాంటెనా తీగే తెగిందనుకుని, గాలిలో స్తంభం దాకా తాడు పట్టుకుని పోయి చూశాను. తీగ బాగానే ఉంది.

తిరిగొచ్చేసరికి వెతకడానికి ముగ్గురు తయారవుతున్నారు. బయట గాలి, మంచు, అడుగు దూరం కనబడదు. అప్పుడు లెక్కలన్నీ మళ్ళీ చూశాను. సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగి, అక్కడి నుంచి కణాలు వానలా వచ్చి ధ్రువం మీద పడ్డాయి. మాటను తిప్పి పంపే పొర పైన ఎప్పట్లాగే ఉంటుంది. దాని కింద ఇంకో పొర చిక్కబడి, మా తరంగాలను అక్కడికి చేరకముందే మింగేసింది. ప్రవీణ్ వాళ్ళు పిలుస్తూనే ఉండొచ్చు, వాళ్ళ గొంతు మా దాకా రావడం లేదు, అంతే.

"పోవద్దు. వాళ్ళకు ఏమీ కాలేదు, ఆకాశానికి అయింది" అన్నాను. మా నాయకుడు నా కాగితం అందుకున్నాడు. "నువ్వు చెప్పింది తప్పైతే?" అన్నాడు. అయినా పోవద్దనే అన్నాను. ఆయన ఆ ముగ్గురినీ ఆపాడు.

రెండు రోజులు మామా. నేను అన్నం తినలేదు. సెట్టు ముందు నుంచి లేవలేదు. మూడో రోజు పొద్దున కాగితం మీద సన్నగా ఒక గీత పడింది. గంట తర్వాత సెట్టులో ప్రవీణ్ గొంతు. "అందరం బాగున్నాం. రెండు రోజులుగా పిలుస్తున్నాం, మీకేమైంది? ఇక్కడ ఉప్పు అయిపోయింది, అంతే." గదిలో అందరూ ఒక్కసారి అరిచారు.

ఇది నీకు తప్ప ఎవరికీ అర్థం కాదనిపించి రాస్తున్నాను.

నీ కరుణ

❖

తాండూరు
14 మే 2025

కరుణకు,

ఆ ఐదుగురు క్షేమంగా దొరికినందుకు సంతోషం. నువ్వు నిలబడ్డ తీరుకు ఇంకా సంతోషం.

ఒక్క సంగతి అడుగుతాను. ఇట్లాంటిది ధ్రువం దగ్గరే జరుగుతుందా, మన వైపు కూడా జరుగుతుందా? పట్టపగలు, నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు? అప్పుడు సెట్టులో అవతలి మనిషి గొంతే కాక, ఆ గుర్రుమనే చప్పుడు కూడా సన్నగిల్లుతుందా? చెవిలో దూది పెట్టినట్టు అవుతుందా? ఎంతసేపు ఉంటుంది?

జవాబు తొందరగా రాయి.

దశరథ్

❖

అంటార్కిటికా
19 మే 2025

మామకు,

నీ ఉత్తరం చూసి నాకు ఫికర్ పట్టుకుంది. చప్పుడు సన్నగిల్లుతోందా, చెవిలో దూది పెట్టినట్టుందా అంటే, అది నీ చెవి సంగతే కదా? పదిహేనేళ్ళు హెడ్‌ఫోన్ పెట్టుకున్న చెవులు అవి. దాచిపెట్టకు. వికారాబాద్‌లోనైనా, హైదరాబాద్ పోయైనా పరీక్ష చేయించుకో. చెవి మిషన్ పెట్టుకుంటే నామోషీ ఏమీ లేదు.

నా గురించి భయపడి అడిగితే మాత్రం విను, నేను లోపలే ఉంటున్నాను. నేను రాసిన కణాల వాన ధ్రువాలకే పరిమితం. మన తాండూరు మీద పడదు. నువ్వు నిశ్చింతగా ఉండు.

ఇక్కడ పొద్దు రోజుకో పావుగంట తగ్గిపోతోంది. ఇంకో పదిరోజులకు అసలే రాదు. నిన్న వంటింట్లో సర్వపిండి చేశాను. మాడింది. అయినా తిన్నారు.

కరుణ

❖

తాండూరు
2 జూన్ 2025

చి. కరుణకు,

నా చెవి సంగతి కాదు బిడ్డా. నేను అడిగింది ఇరవై ఏళ్ళ కిందటి మాట. అప్పుడు నాకు ముప్పై తొమ్మిది, చెవులు పాము చెవులు. మన వైపు అట్లాంటిది జరగదని నువ్వు రాశావు, బాగుంది. ఏదో ఒక ఆశ పుట్టింది, పోయింది. అయినా మొదలుపెట్టాను కాబట్టి చెప్పేస్తాను. ఇది నీకు ఎవరో ఒకరు చెప్పాల్సిందే.

సునామీ వచ్చిన తర్వాతి నెల, సహాయానికి దీవులకు పోయిన జట్టులో నేనూ మీ నాయినా ఉన్నాం. ఇద్దరం వైర్‌లెస్ ఆపరేటర్లమే. ఆ ఉద్యోగంలో నన్ను చేర్పించింది కూడా మీ నాయినే. ఆయన ఒక దీవిలో, నేను ఇంకో దీవిలో. నడుమ నూరు కిలోమీటర్లకు పైగా సముద్రం. రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు షార్ట్‌వేవ్‌లో మాట్లాడుకోవాలి. ఒంటిగంటకు ఆయన వైపు నుంచి బియ్యం, మందుల పడవ బయల్దేరాలి. వేగంగా పోయే పడవ, నాలుగింటికల్లా మా దగ్గరికి చేరేది.

ఆ రోజు పన్నెండింటికి మా వైపు జెట్టీ కూలిపోయింది. సునామీకి సగం పోయిందే, మిగిలిన సగం కూలింది. నీళ్ళ అడుగున ఇనుప చువ్వలు, దూలాలు. పడవ వస్తే పగులుతుంది. "ఇవ్వాళ పడవ పంపొద్దు" అని చెప్పాలి. పన్నెండుంబావుకే పిలవడం మొదలుపెట్టాను. జవాబు లేదు. సెట్టు వెలుగుతూనే ఉంది, కానీ ఆ గుర్రుమనే చప్పుడు సన్నగిల్లింది. యాంటెనా తీగ ఊడిందనుకుని కొబ్బరిచెట్టెక్కి చూసి వచ్చాను. పది నిమిషాలు పట్టింది. తీగ బాగానే ఉంది. మళ్ళీ కూర్చుని పిలిచాను. ఒంటిగంట దాకా పిలుస్తూనే ఉన్నాను. అవతల బావ ఉన్నాడన్న జాడే లేదు.

పడవ బయల్దేరింది, అందులో సెట్టు లేదు. సామాను దింపడానికి మీ నాయిన కూడా అందులోనే వచ్చాడు. గుడ్డ ఊపుతూ ఒడ్డున పరుగెత్తాను, కేకలు వేశాను. వాళ్ళకు స్వాగతం చెప్తున్నానని అనుకున్నారట, వాళ్ళూ చేతులు ఊపారు. పడవ దూలానికి కొట్టుకుంది. మీ నాయిన కాలు పడవకూ దూలానికీ నడుమ నలిగిపోయింది. మోకాలి కింద తీసేశారు.

విచారణలో ఒక జవాను, పన్నెండున్నరకు డేరాలో సెట్టు ముందు నేను లేనని చెప్పాడు. నిజమే, చెట్టు మీద ఉన్నాను. మీ నాయిన, "నేను హెడ్‌ఫోన్ తీయలే, ఆడు పిలవనే లేదు, తినవోయిండు" అన్నాడు. నేను కోపంలో, "అవతల సెట్టు దగ్గర మనిషే లేడు" అని రాసి సంతకం పెట్టాను. కాలు పోయి పండుకున్న మనిషి మీద అట్లా రాశాను. నాకు మెమో ఇచ్చారు. ఆయనకు మెడికల్ రిటైర్మెంట్ ఇచ్చి పంపేశారు. వికారాబాద్‌లో ఇంటి ముందు కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. మూడేళ్ళ తర్వాత నేనూ ఉద్యోగం వదిలేశాను.

మాకూ మీకూ నడుమ నలభై కిలోమీటర్లు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి ఎదురుపడలేదు. ఇన్నేళ్ళూ ఆయన అబద్ధమాడాడనే అనుకున్నాను. ఈ మధ్య మాత్రం నా మీద నాకే అనుమానం వస్తోంది. తప్పు ఫ్రీక్వెన్సీ పెట్టానేమో, తీగ సరిగ్గా బిగించలేదేమో. నీ ఉత్తరంలో "వాళ్ళకు ఏమీ కాలేదు, ఆకాశానికి అయింది" అన్న ముక్క నాలుగుసార్లు చదివాను.

మెమో కాగితం ఇప్పటికీ ఉంది. తేదీ 21 జనవరి 2005.

దశరథ్

❖

అంటార్కిటికా
6 జూన్ 2025

మామా,

ముందు నన్ను క్షమించు. నువ్వు ఇంత మోస్తుంటే నేను చెవి మిషన్ గురించి రాశాను. నాయిన కాలు దీవుల్లో పోయిందని తెలుసు కానీ, ఆ రోజు అవతలి సెట్టు ముందు నువ్వున్నావని నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో తప్పు కూడా చేశాను. తొందరలో సగమే రాశాను. ధ్రువాల మీద పడే కణాల వాన మన వైపు రాదు, అది నిజమే. కానీ సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగినప్పుడు కంటికి కనబడని కిరణాలు కూడా వస్తాయి. ఎనిమిది నిమిషాల్లో భూమికి చేరతాయి. ఆ సమయానికి ఎక్కడ పగలుంటే అక్కడ, నడినెత్తిన ఎండ ఉన్న చోట మరీ ఎక్కువగా, షార్ట్‌వేవ్ మొత్తం పోతుంది. అరగంట, గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నువ్వు అడిగినట్టే సెట్టులో గుర్రుమనేది కూడా సన్నగిల్లుతుంది. ఎందుకంటే ఆ చప్పుడులో చాలావరకు దూరం నుంచి ఆకాశం మీదుగా వచ్చేదే.

ఇది చదివి నీకు ఆశ పుడుతుందని తెలుసు. అందుకే మిగతాది రాయడానికి చేయి రావడం లేదు. నీ ఉత్తరం చదవగానే పాత రికార్డులు తీశాను. 2005 జనవరి 21 మధ్యాహ్నం మన వైపు అట్లాంటిదేమీ లేదు. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా నిమిషం నిమిషం చూశాను, మూడుసార్లు చూశాను. ఆ వేళకు ఆకాశం బాగానే ఉంది.

నీకు అబద్ధం రాయలేను మామా. అయినా నువ్వు పిలిచావనే నేను నమ్ముతాను.

కరుణ

❖

తాండూరు
11 జూన్ 2025

కరుణకు,

నిజం రాసినందుకు మెచ్చుకుంటున్నాను. ఆకాశం బాగానే ఉందంటే తప్పు నా చేతిలోనే జరిగింది. ఇక దీన్ని వదిలేద్దాం. మీ నాయినకు ఏమీ చెప్పకు.

వానలు పడ్డాయి. విత్తనం వేస్తున్నాం. కొన్నాళ్ళు ఉత్తరం రాయడానికి వీలు కాదు.

దశరథ్

❖

అంటార్కిటికా
17 జూలై 2025

మామా,

నెల రోజులుగా నువ్వు రాయలేదు. నేను రాసిన రెండింటికీ జవాబు లేదు. ఇది మాత్రం చదువు. మొత్తం చదువు.

మొన్న అమ్మకు ఫోన్ చేశాను. నాయినకు చెప్పొద్దన్నావు, అమ్మకు చెప్పొద్దనలేదు కదా. దీవుల్లో ఆ రోజు సంగతి ఎత్తగానే ఏడ్చింది. అలా మాట్లాడుతూ మాట్లాడుతూ, "మరునాడు బక్రీద్. పక్కింటి వాళ్ళు మాకు సేమియా పంపిన్రు, నేను ముట్టలే. ముందురోజు పొద్దుగూకినంకనే ఫోన్ వచ్చె, నీ నాయిన కాలు నలిగిందని" అంది.

నేను ఆ ఏటి పండుగ తేదీ చూశాను. బక్రీద్ 21న. అంటే ఫోన్ వచ్చింది 20 సాయంత్రం. "అమ్మా, ఆసుపత్రి కాయితం ఉన్నదా?" అని అడిగాను. "బీరువల ఉన్నది, ఆయన ముట్టనియ్యడు" అంది. నాయిన బయటికి పోయినప్పుడు తీసి చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. చేర్చుకున్న తేదీ 20 జనవరి, సాయంత్రం ఐదున్నర.

నీ మెమో మీద 21 ఎందుకుందో నాకు తెలియదు. విచారణ అధికారి వచ్చి రాసుకున్న రోజు వేసి ఉంటాడు. నువ్వు ఇరవై ఏళ్ళు ఆ కాగితం చూసీ చూసీ అదే రోజు అనుకున్నావు. నేనూ ఆ తేదీనే నమ్మాను.

మామా, 20 జనవరి 2005న మన గడియారం ప్రకారం మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి సూర్యుడి మీద పేలుడు మొదలైంది. చిన్నది కాదు, ఆ ఏడాది చాలా పెద్దవాటిలో ఒకటి. పన్నెండున్నరకు తారస్థాయిలో ఉంది. ఆ నిమిషానికి ఎండ సరిగ్గా మన వైపు నెత్తిన ఉంది. నా పాత గురువుగారికి రాస్తే, మన దేశంలో అప్పుడు పనిచేసిన ఒక అయనోసోండ్ కాగితాలు వెతికించి పంపారు. పన్నెండుంబావు తెల్లకాగితం. పన్నెండున్నర తెల్లకాగితం. పన్నెండుముప్పావు తెల్లకాగితం. ఒంటిగంటకు కూడా ఏమీ లేదు. ఆ తర్వాతే మెల్లగా గీతలు పడ్డాయి.

నువ్వు పిలిచావు. నాయిన విన్నాడు. ఇద్దరిలో ఎవరూ సెట్టు వదిలిపోలేదు. ఎవరూ అబద్ధమాడలేదు. నడుమ ఉన్న ఆకాశం నీ గొంతును మింగేసింది. ఆ గంటలో ప్రపంచంలో పగలున్న సగం మీద ఏ ఆపరేటరూ ఎవరికీ వినబడి ఉండడు.

నాలుగు కాగితాలూ దీనితో పంపుతున్నాను. ఒక్కో బొమ్మను చిన్నగా చేసి పంపేసరికి గంట పట్టింది. తాండూరులో ఎక్కడైనా ప్రింట్ తీయించు. నాయినకు నేను చెప్పగలను. కానీ నేను చెప్పకూడదు. నువ్వే పోవాలి.

మాకు ఈ రోజు యాభై రోజుల తర్వాత పొద్దు పొడిచింది. పది నిమిషాలు కూడా లేదు. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే నేను లోపల కూర్చుని నీకు ఇది రాస్తున్నాను.

నీ జవాబు కోసం చూస్తూ,
కరుణ

❖

తాండూరు
3 ఆగస్టు 2025

చి. కరుణకు మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చిన రోజే కాగితాలు ప్రింట్ తీయించాను. కానీ పోవడానికి పది రోజులు పట్టింది. రెండుసార్లు తాండూరు స్టేషన్ దాకా పోయి తిరిగొచ్చాను. రోజులు తక్కువ రాసి నిన్ను మోసం చేయడం ఇష్టం లేదు, అందుకే చెప్తున్నాను.

మొన్న ఆదివారం పొద్దుటి రైలెక్కాను. మీ ఇంటికి ఎన్నేళ్ళకో. వీధి మారిపోయింది, ఇల్లు మారలేదు. మీ నాయిన వాకిట్లో పీట మీద కూర్చుని కుట్టుమిషన్ తలకాయ విప్పుకుని ఉన్నాడు. చేయికర్ర పక్కన గోడకు ఆనించి ఉంది. జుట్టంతా తెల్లబడింది. నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఆయన తలెత్తి చూశాడు. మళ్ళీ తల దించి స్క్రూ తిప్పుకున్నాడు. అక్క తలుపులోకి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాగితాలు తీసి ఆయన ముందు నేల మీద పరిచాను. గాలికి పోకుండా ఆయన మిషన్ సామాన్లే మీద పెట్టాను. ఆయన వాటిని చూడలేదు.

"ఎందుకొచ్చినవ్?" అన్నాడు.

"బావా, నీ బిడ్డ పంపింది. ఆ రోజు ఆకాశం చెడ్డది. పన్నెండుంబావు కాడికెల్లి ఒంటిగంట దాటిందాక."

ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. మొదటి కాగితం తీసుకున్నాడు. ఆయన కూడా మన శాఖవాడే కదా బిడ్డా, ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. రెండోది తీసుకున్నాడు. తెల్లగా ఉన్న కాగితం అంతసేపు చూసిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు. నాలుగోది అయ్యాక అడిగాడు.

"నువ్వు పిల్చినవా?"

"పిల్చిన బావా. నడుమ చెట్టెక్కి తీగ జూసొచ్చిన. మల్ల పిల్చిన. గొంతు పోయిందాక పిల్చిన."

"నేను హెడ్‌ఫోన్ తీయలే. బ్యాటరీ కూడ మార్చిన. గుర్రుమనుడు బందయితే నా చెవులే పోయినయనుకున్న." ఆయన కాగితాలు పక్కన పెట్టాడు. "నువ్వు పిలవలేదని నేను ఊరంత చెప్పిన గదరా."

"నువ్వు సెట్టు కాడ లేవని నేను సంతకం పెట్టిన."

లోపలి నుంచి అక్క ఏడుపు వినబడుతోంది. ఆయన చేయి చాపి నా మెడ వెనక పట్టుకుని దగ్గరికి గుంజాడు. ముప్పై ఏళ్ళ కింద ట్రైనింగ్ సెంటర్లో నేను మోర్స్ పరీక్ష తప్పిన రోజు అట్లాగే పట్టుకున్నాడు. ఇద్దరం ముసలివాళ్ళం, ఆ వాకిట్లో అట్లాగే ఏడ్చాం. కుట్టుమిషన్ తీసుకుపోవడానికి వచ్చిన ఆమె గేటు దాకా వచ్చి భయపడి తిరిగిపోయింది.

తర్వాత అక్క అన్నం పెట్టింది. "మెమోల ఆ తేదీ తప్పెందుకు రాసిన్రు?" అని ఒకసారి అడిగాడు. "ఎవనికి ఎరుక బావా" అన్నాను. "ఆ పోరి అంత దూరంల ఉండి కనిపెట్టింది సూడు" అన్నాడు. ఆ పోరివి నువ్వే. నవ్వాడు కూడా. పై పన్ను ఒకటి ఊడింది ఆయనకు, నాకు తెలియదు.

అన్నం అయ్యాక మంచం మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆయన కృత్రిమ కాలు విప్పి పక్కన పెట్టి, నా భుజం మీద ఒక చేయి వేసి, ఏదో చెప్పబోయి ఆగాడు. చూస్తే కళ్ళు మూతలు పడుతున్నాయి. తల మెల్లగా నా భుజం మీదికి వాలింది. గురక కూడా మొదలుపెట్టాడు. అక్క తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"పగటిపూట కన్ను మూసుడు నేను జూడలే, ఇరువై ఏండ్ల సంది" అంది, గుసగుసగా. "గదల్చకు తమ్మీ. జర పండనియ్యి."

నా రైలు మూడున్నరకు. అక్కడి నుంచి స్టేషన్ అరగంట నడక. రెండయింది, మూడయింది. భుజం తిమ్మిరెక్కింది. అనంతగిరి వైపు నుంచి మబ్బులు దిగి వాకిట్లో వాన మొదలైంది. అక్క పరుగున పోయి మిషన్ సామాను లోపల పెట్టింది. వాన చప్పుడుకు కూడా ఆయన లేవలేదు. దూరంగా రైలు కూత వినబడింది, వికారాబాద్ స్టేషన్‌లో ఆగింది, మళ్ళీ కూత వేసి తాండూరు వైపు పోయింది. నేను కదల్లేదు.

నీ ఆరోగ్యం చూసుకో బిడ్డా.

మీ మామ